మామిడి సొన వాసనకు ఎన్ని మార్కులు?

బీరు జడ్జి పరీక్షలో నేను మొదటిసారి దెబ్బతిన్నది వెన్న దగ్గర.

అమెరికాలో బీజేసీపీ అని ఒక సంస్థ ఉంది. బీరు పోటీలకు న్యాయనిర్ణేతలను తయారు చేస్తుంది. ముందు ఆన్‌లైన్‌లో రాత పరీక్ష ఉంటుంది. అది గట్టెక్కితే రుచి పరీక్ష. 90 నిమిషాల్లో ఆరు బీర్లు రుచి చూసి, ఒక్కోదానికి ఒక షీటు నిండా రాయాలి. నాలుగో గ్లాసు అమెరికన్ ఐపీఏ, అంటే హాప్స్ అనే తీగ కాయలు దండిగా వేసి చేసే చేదు బీరు. ముక్కు దగ్గర పెట్టుకోగానే మా అమ్మ ఆదివారం పొద్దున వెన్న కాచే వాసన వచ్చింది. గిన్నె అడుగున గోకుడు ఎర్రబడక ముందు, వెన్న కరిగి ఇంకా నెయ్యి కాని క్షణంలో వచ్చే వాసన. నా ప్రాణం లేచి వచ్చింది. "చాలా కమ్మగా ఉంది, మాల్టు నిండుగా ఉంది" అని రాసి 50కి 39 వేశాను. మాల్టు అంటే బీరుకు మూలమైన మొలకెత్తించిన ధాన్యం.

కొన్ని నెలలకు ఫలితాలు వచ్చాయి. అదే గ్లాసుకు అనుభవమున్న జడ్జిలు ఇద్దరూ కలిసి వేసింది 23. "డయాసిటైల్ స్పష్టంగా ఉంది. ఇది లోపం. మీరు దీన్ని మెచ్చుకున్నారు" అని కింద ఒక వాక్యం. ఆ వెన్న వాసన ఇచ్చే పదార్థమే డయాసిటైల్.

నేను పొట్టకూటికి చేసేది కెమిస్టు ఉద్యోగం. సియాటిల్ పక్కన బాథెల్‌లో ఉంటాం. నీళ్లు పరీక్షించే ల్యాబులో పన్నెండేళ్లుగా పని చేస్తున్నాను. డయాసిటైల్ అణువు ఎలా ఉంటుందో నిద్రలో లేపి అడిగినా బొమ్మ వేసి చూపిస్తాను. ఈస్టు పులియబెట్టేటప్పుడు అది పుడుతుందని, చివర్లో ఈస్టే దాన్ని మళ్లీ మింగేస్తుందని, తొందరపడి చల్లబరిస్తే మిగిలిపోతుందని అన్నీ తెలుసు. పులియడం ముగిశాక ఐపీఏలో మళ్లీ హాప్స్ వేస్తారు కదా, ఆ హాప్స్‌లోని ఎంజైములు మిగిలిన పిండి పదార్థాన్ని చక్కెరగా విరగ్గొడితే ఈస్టు మళ్లీ లేచి కూర్చుని కొత్తగా డయాసిటైల్ చేస్తుందని కూడా చదివాను. దీన్నే హాప్ క్రీప్ అంటారు. ఇంత తెలిసీ, ముక్కు దగ్గరికి వచ్చేసరికి అమ్మ వంటింట్లోకి వెళ్లిపోయాను. వెన్న వాసనను తప్పు అని చెప్పడానికి నూజివీడులో పుట్టినవాళ్లకు మనసెలా ఒప్పుతుంది?

ఆ పరీక్షలో మార్కులు ఐదు భాగాలు. మీ స్కోరు అసలు జడ్జిల స్కోరుకు ఎంత దగ్గరగా ఉంది, ఏమేం పసిగట్టారు, ఎంత బాగా వర్ణించారు, బీరు తయారు చేసినవాళ్లకు పనికొచ్చే సలహా ఏమిచ్చారు, షీటు పూర్తిగా నింపారా. ఒక్కోదానికి 20. నాకు అన్నిటికన్నా తక్కువ వచ్చింది వర్ణనలో. వెన్న కన్నా అదే ఎక్కువ గుచ్చుకుంది. ఇంట్లో నేను మాట్లాడుతుంటే అడ్డుకట్ట ఉండదని మా ఆయన ఫిర్యాదు.

షీట్లు తీసి మళ్లీ చదువుకున్నాను. ప్రతి ఐపీఏకీ అవే మాటలు: సిట్రస్, పైన్, రెజిన్, ట్రాపికల్. పుస్తకంలో ఉన్న వరుసలోనే ఉన్నాయి. బట్టీ కొట్టిన పిల్ల రాసిన జవాబులా ఉంది. నిజం చెప్పాలంటే ఇరవయ్యారేళ్లు వచ్చేదాకా నేను పైన్ చెట్టు కింద నిలబడలేదు. గ్రేప్‌ఫ్రూట్ మొదటిసారి తిన్నది ఇక్కడికి వచ్చాకే. తిన్నప్పుడు "ఇది మన పంపరపనస చుట్టంలా ఉందే" అనుకున్నాను. తర్వాత చదివితే చుట్టమే అని తేలింది. పంపరపనసకూ బత్తాయి జాతికీ పుట్టిన బిడ్డ అది. వినాయక చవితికి పాలవెల్లికి కట్టే పంపరపనస ముక్కుకు ఎంత దగ్గరో నాకు తెలుసు. ఆ తొక్క వలిచేటప్పుడు కళ్లలోకి చిమ్మే నూనె తెలుసు. షీటులో మాత్రం గ్రేప్‌ఫ్రూట్ అని రాశాను.

ఆ సెప్టెంబరులో యాకిమా వెళ్లాం. మా ఊరి నుంచి రెండున్నర గంటల ప్రయాణం. కొండలు దాటగానే తడి పచ్చదనం పోయి రాయలసీమ లాంటి ఎండు నేల వస్తుంది. అమెరికాలో పండే హాప్స్‌లో దాదాపు నాలుగింట మూడు వంతులు ఆ లోయలోనే పండుతాయి. పద్దెనిమిది అడుగుల ఎత్తున తీగలు అల్లుకుని ఉంటాయి. కాకర పందిళ్లను నిలబెట్టినట్టు ఉంటుంది చూడటానికి. తోటలో నన్ను కట్టిపడేసింది హాప్ తీగ కాదు, అది పాకిన తాడు. కొబ్బరి పీచు తాడు! శ్రీలంక నుంచి ఓడల్లో వస్తుందట. ప్రతి ఏడూ కొత్తది కడతారు, కోతలో తీగతో పాటు కోసేస్తారు. వాషింగ్టన్ రాష్ట్రంలో మైళ్ల కొద్దీ కొబ్బరి తాళ్లు వేలాడుతుంటే చూసి నేను నవ్వడం మొదలుపెట్టాను. మా ఆయన ఫొటో తీశాడు. అందులో నేను తాడు పట్టుకుని పిచ్చిదానిలా నవ్వుతూ ఉంటాను.

తోట ఆయన ఒక పచ్చి కాయ తెంపి చేతిలో పెట్టాడు. ఆడ తీగకే కాసే చిన్న పచ్చని పొరల కాయ అది. తామర మొగ్గను బొటనవేలంత చేస్తే ఎలా ఉంటుందో అలా ఉంది. విప్పితే పొరల మొదట్లో పసుపు లాంటి పొడి. దాన్ని లుపులిన్ అంటారు. చేదూ, వాసనా అన్నీ దానిలోనే. రెండు అరచేతుల మధ్య గట్టిగా నలిపి, దోసిలి ముక్కుకు ఆనించుకోమన్నాడు.

ఆనించుకున్నాను. మా తాతయ్య తోట.

నాకు సందేహం లేదు. మామిడి సొన. కాయ ముచ్చిక తుంచగానే చిమ్ముకొచ్చే ఆ జిగురు వాసన. వేసవిలో బుట్టల కొద్దీ కాయలు దించేటప్పుడు గాలి నిండా అదే ఉండేది. పచ్చిగా, ఘాటుగా, కొంచెం కిరసనాయిలు తగిలినట్టు, వెనకాల ఎక్కడో తీపి దాచుకుని. తాతయ్య చేత్తో కాయ పట్టుకుని ముచ్చిక విరిచి, సొన ఎలా చిమ్మిందో చూసి, ఒకసారి వాసన పీల్చి, "ఇంకో నాలుగు రోజులు ఆగుదాం" అనేవారు. మమ్మల్ని దగ్గరికి రానిచ్చేవారు కాదు. సొన తగిలితే చర్మం పొక్కుతుంది. నా ఎడమ బుగ్గ మీద ఇప్పటికీ చిన్న మచ్చ ఉంది, ఏడేళ్ల వయసులో మాట విననందుకు.

ఇంటికొచ్చి కెమిస్టు బుద్ధి కొద్దీ వెతికాను. హాప్ నూనెలో తరచుగా అన్నిటికన్నా ఎక్కువగా ఉండేది మిర్సీన్ అనే పదార్థం. చాలా మామిడి రకాల వాసనకు వెన్నెముక కూడా అదే. నా ముక్కు అబద్ధమాడలేదు. నేనే దాని మాట షీటు మీద రాయనివ్వలేదు.

అప్పటినుంచి ఒక పద్ధతి పెట్టుకున్నాను. రుచి చూసేటప్పుడు పక్కన చిన్న నోటు పుస్తకం. అందులో మొదట తెలుగులో రాస్తాను, ఏది తోస్తే అది. ఆ తర్వాతే షీటులోకి ఇంగ్లీషులో దించుతాను. మొన్న శనివారం సియెర్రా నెవాడా వారి టార్పెడో అనే ఐపీఏతో చేసిన కసరత్తు ఇక్కడ పెడుతున్నాను. కాలిఫోర్నియాలోని చీకో అనే ఊరి బీరు తయారీశాల (బ్రూయరీ) అది. 1980లో మొదలై, కాస్కేడ్ అనే రకం హాప్స్‌తో చేసిన పేల్ ఏల్ అనే లేతరంగు బీరుతో అమెరికా బీరు రుచినే మార్చేసిన వాళ్లు. టార్పెడో 2009 నుంచి ఏడాది పొడవునా దొరుకుతోంది. ఆల్కహాలు 7.2 శాతం, చేదు కొలత 65. పేరు ఎందుకు వచ్చిందంటే, హాప్ కాయలు కూరిన టార్పెడో ఆకారపు స్టీలు గొట్టం గుండా బీరును తిప్పి తిప్పి పంపుతారు. ఇరానీ హోటల్లో డికాషన్ గుడ్డ గుండా టీ పోసినట్టన్నమాట, చల్లగా.

ముందుగా నియమాలు. మధ్యాహ్నం భోజనంలో ఆవకాయ లేదు. పప్పు, బీరకాయ కూర, పెరుగన్నం. ఆవకాయ తిన్న నాలుకతో ఐపీఏకు న్యాయం చేయడం నా వల్ల కాదు, కారం మీద చేదు పడితే రెండూ కలిసి మంటవుతాయి. శనివారం మా ఇంట్లో సాంబ్రాణి వేస్తారు, కాబట్టి రుచి చూడటం గ్యారేజీలో. గ్లాసు ముందు రోజే సబ్బు లేకుండా వేడినీళ్లతో కడిగి బోర్లించాను. గ్లాసుకు జిడ్డు అంటి ఉంటే బీరు పోశాక గోడలకు బుడగలు అతుక్కుని కనిపిస్తాయి, నురుగు నిలవదు. డబ్బా ఫ్రిజ్‌లోంచి తీసి పదిహేను నిమిషాలు బయట పెట్టాను. మంచులా ఉంటే వాసన లేవదు. తులిప్ పువ్వు ఆకారంలో పైన కాస్త ముడుచుకున్న గ్లాసు నాది. మూడో వంతు మాత్రమే పోయాలి, మిగిలిన చోటు వాసనకు.

డబ్బా అడుగున ప్యాక్ చేసిన తేదీ చూశాను. ఐదు వారాలు. సరే.

తేదీ గురించి ఇక్కడే ఒక మాట చెప్పేస్తాను, లేకపోతే మర్చిపోతాను. గత నెల ఒక దుకాణంలో ఎండ పడే అరలో పెట్టిన ఒక ఐపీఏ డబ్బాలు నాలుగు కొన్నాను, తేదీ చూడకుండా. ఇంటికొచ్చి చూస్తే ఏడు నెలలు. పోస్తే వానకు తడిసి ఎండిన అట్టపెట్టె వాసన, దాని వెనక పాత తేనె. హాప్స్ జాడ లేదు. చేదు మాత్రం మిగిలింది, అదీ గీరుకుపోయే చేదు. ఆక్సిజన్ చేసే పని ఇది. వైన్ తాగే స్నేహితులు "దాచుకుంటే ఇంకా బాగుంటుంది కదా" అంటారు. ఐపీఏ ఆవకాయ కాదు, కొత్తిమీర. కొన్న వారం వాడుకోవాలి. సీసా అయితే ఇంకో చిక్కు. వెలుతురు తగిలితే హాప్స్‌లోని చేదు పదార్థాలు విరిగి ఒక గంధకపు పదార్థం పుడుతుంది. ఇక్కడి వాళ్లు దాన్ని స్కంక్ అనే జంతువు కంపుతో పోలుస్తారు. ఆకుపచ్చ సీసాలో బీరు ఎండలో పెడితే నిమిషాల్లో వస్తుంది. గోధుమరంగు సీసా చాలావరకు కాపాడుతుంది, డబ్బా పూర్తిగా కాపాడుతుంది. ఆ నాలుగు డబ్బాల్లో మూడు సింకులో పోశాను. డబ్బు పోయిన బాధ కన్నా, ఎవరో కష్టపడి చేసినదాన్ని అలా చంపేశారే అన్న కోపం.

ఇక టార్పెడో.

గ్లాసు అందుకుని ముందు దూరం నుంచి ముక్కు కింద ఒకసారి అలా తిప్పాను. మొదటి గాలికే సొన. ఐదు సెకన్లు ఆగి, అరచేత్తో గ్లాసు మూసి, రెండు తిప్పులు తిప్పి, చెయ్యి తీసి చిన్న చిన్న పీల్పులు. ఈసారి సొన కింద మరొకటి ఉంది. దబ్బాకు. మజ్జిగలో వేసే ముందు అమ్మ దబ్బాకును చేత్తో నలిపేది, ఆ ముదురాకుపచ్చ నూనె వాసన. నిమ్మ కాదు, నారింజ కాదు. షీటులో "సిట్రస్" అని రాసి ఊరుకుంటే ఈ తేడా మొత్తం పోతుంది. మూడోసారి పీల్చే ముందు నా చొక్కా చేతిని వాసన చూసుకున్నాను, ముక్కుకు విశ్రాంతి. అప్పుడు మిరియాల పొడి లాంటిది, సన్నగా. అన్నిటికీ అడుగున బెల్లం పాకం ముదరకముందు వచ్చే తీపి వాసన. అది మాల్టుది. వెన్న? ఎంత వెతికినా లేదు. ఇప్పుడు ప్రతి గ్లాసులో మొదట వెతికేది దాన్నే.

వాసనకు 12కు 10.

రూపం గురించి ఎక్కువ చెప్పను, దానికి ఉన్నవే మూడు మార్కులు. కొత్త బెల్లం కరిగించి వడగట్టినప్పటి రంగు, దీపానికి ఎదురుగా పెడితే రాగి మెరుపు. మీగడ రంగు నురుగు, తాగేకొద్దీ గ్లాసు గోడకు ఒక్కో గుక్కకు ఒక్కో గీత మిగులుస్తూ దిగింది. చల్ల చిలికిన కుండకు మిగిలే గీతల్లా. మూడుకు మూడు.

రుచికి 20 మార్కులు, కాబట్టి నాలుగు గుక్కలు. మొదటి గుక్క నోరంతా తిప్పి మింగి, నోరు మూసుకుని ముక్కుతో గాలి వదిలాను. రుచిలో సగం పైగా అక్కడే తెలుస్తుంది, గొంతు వెనక నుంచి ముక్కులోకి ఎక్కే దారిలో. నమ్మకం లేకపోతే ముక్కు మూసుకుని మింగి చూడండి, చేదు, తీపి తప్ప ఇంకేమీ తెలియదు. ముందు పాకం, ఆ వెంటనే పంపరపనస తొక్క, ఆ తర్వాత చేదు. ఈ చేదు నాలుక కొసన మొదలుకాదు. కాకరకాయ వేపుడు తిని మంచినీళ్లు తాగిన తర్వాత నాలుక వెనక భాగంలో తీరిగ్గా వచ్చి కూర్చునే చేదు ఉంటుందే, అది.

చేదు కొలత 65 అని చెప్పాను కదా. ఆ అంకె ఎలా వస్తుందో నాకు ఇష్టమైన విషయం, ఓపిక పట్టండి. బీరును ఆమ్లంతో కలిపి, ఐసో ఆక్టేన్ అనే ద్రావకంలో చేదు పదార్థాలను లాగి, ఆ ద్రావకం గుండా 275 నానోమీటర్ల అతినీలలోహిత కాంతిని పంపి, ఎంత మింగిందో చూసి 50తో హెచ్చిస్తారు. మా ల్యాబులో ఆ యంత్రం ఉంది. సుమారుగా లీటరుకు ఇన్ని మిల్లీగ్రాముల చేదు పదార్థం అని అర్థం. హాప్స్‌ను మరిగించినప్పుడు ఆల్ఫా ఆమ్లాలు రూపం మార్చుకుంటేనే ఈ చేదు వస్తుంది. చివర్లో చల్లటి బీరులో వేసిన హాప్స్ ఎక్కువగా వాసనకే. యంత్రం చెప్పే అంకెను నాలుక లెక్కచేయదు. కాకర పులుసులో బెల్లం వేస్తే కాకరలో చేదు తగ్గదు, అయినా పిల్లలు తింటారు. అలాగే మాల్టు తీపి ఎంత ఉందన్న దాన్ని బట్టి 65 మెత్తగానూ ఉండొచ్చు, 45 కత్తిలానూ ఉండొచ్చు.

ఇక్కడే నాకు మన భాష మీద గర్వం వచ్చే సంగతి ఉంది. రుచి చూసే బల్ల దగ్గర కొత్తగా వచ్చిన వాళ్లలో చాలామంది "చేదు ఎక్కువ" అని రాసేదానిలో సగం చేదు కాదు, వగరు. మనకు ఈ రెండూ పాల దంతాలప్పటి నుంచి వేరు వేరు. వేపపువ్వు చేదు, జామ పిందె వగరు. చేదు నాలుకకు తెలుస్తుంది. వగరు బుగ్గల లోపలి పొరను పట్టుకుని పీకుతుంది, నోరు ఎండిపోయినట్టు, దంతాలు గరుకెక్కినట్టు ఉంటుంది. ఇంగ్లీషులో దీనికి పెద్ద మాట ఒకటి ఉంది కానీ పిల్లలు వాడే మాట కాదు, అందుకే పెద్దయ్యాక కూడా తడబడతారు. బీరు చేసేవాళ్లకు ఈ తేడా చాలా ముఖ్యం. చేదు ఎక్కువైతే మరిగించేటప్పుడు వేసిన హాప్స్ తగ్గించుకోవాలి. వగరు ఎక్కువైతే తప్పు ఇంకెక్కడో ఉంది. మొలకెత్తించిన ధాన్యాన్ని మరీ వేడి నీళ్లతో కడిగారో, చివరి హాప్స్ మరీ ఎక్కువ రోజులు నానబెట్టారో. చేదు అని రాసి పంపితే పాపం వాళ్లు తప్పు చోట మరమ్మతు చేస్తారు.

టార్పెడోలో వగరు ఉంది, కానీ చిటికెడు. మేలు చేసే పాటిది, ఇంకో గుక్కకు నోటిని సిద్ధం చేస్తుంది. మింగాక ఛాతీలో సన్నని వెచ్చదనం, అది 7.2 శాతం చేసే పని. గొంతులో మంట లేదు. నాలుక మీద బుడగల చిమచిమ మధ్యస్థం. నా అభిరుచికి పాకం తీపి ఒక పిసరు ఎక్కువే, నేను ఇంకా పొడిగా ముగిసేవాటిని ఇష్టపడతాను. అది నా ఇష్టం, బీరు తప్పు కాదు. ఈ రెండూ కలిపేయకుండా ఉండటమే జడ్జికి కష్టమైన పని. రుచికి 16, నోటికి తగిలే తీరుకు 5కు 4, మొత్తం మీద 10కి 8. కలిపితే 41. బీజేసీపీ లెక్కలో 38 నుంచి 44 దాకా శ్రేష్ఠం. 45 దాటితే అద్భుతం, అది వేయడానికి నా చేయి ఇంతవరకూ లేవలేదు.

ఈ మధ్య అందరూ మబ్బు ఐపీఏల వెంట పడ్డారు. వెర్మాంట్ నుంచి మొదలైన రకం, ఓట్స్, గోధుమ కలిపి చిక్కగా చేస్తారు, చేదు తక్కువ, చూడటానికి మామిడి రసమే. మా ఆఫీసు కుర్రాళ్లకు అదే ఐపీఏ. నాకు మొదటి గుక్క బాగుంటుంది, సగం గ్లాసు దగ్గర పండ్ల రసం కొట్టులో కూర్చున్నట్టు అనిపిస్తుంది. చేదు లేని ఐపీఏ వేపపువ్వు వేయని ఉగాది పచ్చడి. పరీక్షలో మాత్రం దాని కొలతతోనే దాన్ని కొలవాలి, నోరు మూసుకుని కొలుస్తాను.

మా చుట్టాలు అడిగే ప్రశ్న ఇంకొకటి: "ఇండియా పేల్ ఏల్ అంటే మన దేశపు బీరా?" కాదు. మన దేశానికి వచ్చిన బీరు. పద్దెనిమిదో శతాబ్దం చివర్లో తూర్పు లండన్‌లో బౌ అనే చోట హాడ్జ్‌సన్ అనే ఆయన బ్రూయరీ ఉండేది. ఈస్టిండియా కంపెనీ ఓడలు లంగరు వేసే రేవు దగ్గర్లోనే. ఓడ కప్తాన్లకు ఏడాదిన్నర దాకా అప్పు ఇచ్చేవాడు, కనుక అతని బీరే ఎక్కేది. కలకత్తా, మద్రాసు, బొంబాయిలకు నెలల తరబడి ప్రయాణం, భూమధ్యరేఖను రెండుసార్లు దాటాలి. ఆ ప్రయాణం కోసమే హాడ్జ్‌సన్ ఐపీఏను కనిపెట్టాడని ప్రతి రెస్టారెంటు మెనూలోనూ రాస్తారు. అంత సినిమా ఏమీ లేదు. హాప్స్ ఎక్కువ వేస్తే బీరు త్వరగా చెడదన్న సంగతి అంతకు ముందే అందరికీ తెలుసు, పోర్టరు అనే నల్లటి బీరు కూడా అవే ఓడల్లో క్షేమంగా చేరేది. తర్వాత హాడ్జ్‌సన్ కుటుంబం అప్పు ఆపేసి, రేట్లు పెంచి, తామే నేరుగా అమ్ముకోవాలని చూసేసరికి కంపెనీ వాళ్లకు మండింది. 1822లో కంపెనీ పెద్ద ఒకాయన ఇంగ్లండ్‌లోని బర్టన్ ఊరిలో బీరు చేసే ఆల్సప్‌ను పిలిచి అలాంటి బీరు చేయగలవా అని అడిగాడు. ఆల్సప్ దగ్గరి పనివాడు మొదటి నమూనాను టీపాట్‌లో చేశాడని కథ. నిజమో కాదో గానీ నాకు చాలా ఇష్టం. బర్టన్ నీళ్లలో జిప్సం ఎక్కువ, దానితో హాప్స్ చేదు పదునుగా, పొడిగా తేలింది. నీళ్లు పరీక్షించి బతికేదాన్ని, చివరికి గెలిచింది నీళ్లేనంటే సంతోషించనా?

అమ్మకు చాలాకాలం "రుచి చూసే పరీక్ష" అని మాత్రమే చెప్పాను. దేని రుచి అని ఆమె అడగలేదు, నేను చెప్పలేదు. పోయిన నెల వీడియో కాల్‌లో వెనక అరలో గ్లాసులు చూసి అడిగింది, ఇక దాచలేదు. కాసేపు మాట్లాడలేదు. ఆ తర్వాత, "తాగడానికి కూడా పరీక్ష పెడతారటే?" అంది. తాగడానికి కాదమ్మా, చెప్పడానికి అన్నాను. వెన్న సంగతి కూడా చెప్పాను. "వెన్న వాసన తప్పని చెప్పిన వాళ్లు నీకు మార్కులు వేసేవాళ్లా?" అంది. అక్కడితో మీ నాన్నకు బీపీ మాత్రలు అయిపోయాయన్న విషయంలోకి వెళ్లిపోయింది.

రెండోసారి పరీక్ష రాసి మూడు వారాలైంది, ఫలితం ఇంకా రాలేదు. ఈసారి మూడో గ్లాసు షీటులో ఇంగ్లీషులో "తుంచిన మామిడి ముచ్చిక, పచ్చి సొన" అని రాశాను. దిద్దేవాళ్లకు అర్థం కాకపోవచ్చు. చూపిద్దామంటే ఇక్కడ దుకాణాల్లో దొరికే మామిడికాయలు సొన కడిగేసి, మైనం పూసి వస్తాయి, ముచ్చిక దగ్గర ఎంత గీకినా ఏ వాసనా ఉండదు. అందుకని పక్కన "పచ్చి హాప్ కాయ నలిపినట్టు" అని కూడా చేర్చాను.

శనివారానికి వస్తే, షీటు నింపాక గ్లాసులో రెండు వేళ్ల బీరు మిగిలింది. గ్యారేజీ చలికి కూడా అది కాస్త వెచ్చబడింది, పాకం పైకి తేలింది, దబ్బాకు వెనక్కి తగ్గింది. అది తాగి గ్లాసు సింకు దగ్గర పెట్టాను. మా ఆయన మందు ముట్టడు, గ్లాసులు కడగడం మాత్రం ఆయన వంతు. కడగబోతూ ఖాళీ గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. ఆయనది కరీంనగర్, మామిడి తోటల గొడవ ఆయనకు లేదు.

"ఉగాది పచ్చడి తిన్నాక గిన్నె కడగకుండా వదిలేస్తే సాయంత్రానికి ఇట్లాగే ఉంటుంది" అన్నాడు.

గ్లాసు లాక్కుని చూశాను. కరిగిన బెల్లం, పచ్చి మామిడి, వేపపువ్వు, అన్నీ ఎండి అంటుకుపోయిన గిన్నె. షీటులో చోటు లేదు. వెనక్కి తిప్పి, తెలుగులోనే రాసి పెట్టుకున్నాను.